పోస్టరులో వీపు

సాయంత్రం కారు వచ్చేలోగా ఆ ఇంట్లో కావలసిన పనులు చాలానే ఉన్నాయి. ఆరేసిన చేతి పట్టీలు తెచ్చి చుట్టలు చుట్టాలి. మౌత్ గార్డు కడగాలి. కొత్త నిక్కరు నడుము దగ్గర వదులైందట, అమ్మ రెండు కుట్లు వెయ్యాలి. కింద బాక్సింగ్ హాలుకి తాళం వేసి, గేటు దగ్గర పొద్దుటి నుంచి కాపలా కాస్తున్న పిల్లమూకను ఇళ్లకు పంపాలి. ఈ సాయంత్రం రింగులో తమ్ముడితో తలపడబోయే సినిమా హీరో స్వయంగా మెట్లెక్కి పైకి వస్తాడట కాబట్టి మెట్ల మీది చెప్పులు, కాలు విరిగిన స్టూలు, పాత గ్లవ్సుల మూట కనబడకుండా సర్దాలి. తండ్రి చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. తమ్ముడు కాసేపైనా కన్ను మూయాలి.

అన్నిటికంటే ముందు వంటింటి గట్టు మీద ఒలికిన పాలు తుడవాలి.

ఎవరూ తుడవలేదు. పాలు గట్టు అంచుదాకా పాకి చుక్కలు చుక్కలుగా కింద పడుతున్నాయి. గ్లాసు పక్కనే ఉంది. దాని లోపల ఒక్క చుక్క లేదు.

"చెయ్యి జారింది," అన్నాడు తమ్ముడు.

"జారలేదు," అంది అక్క. "చెయ్యి జారితే గిన్నె పడుతుంది. గిన్నె నీ చేతిలోనే ఉంది. గ్లాసు ఉందనుకున్న చోట పోశావు. అక్కడ గ్లాసు లేదు."

"తిన్నది అరగకముందే పోలీసు విచారణా?"

"ఎన్ని గ్లాసులు కనబడ్డాయి నీకు?"

"అక్కా, పొద్దుపోకపోతే కిందికెళ్లి బ్యాగు కొట్టుకో. నా మీద పడకు."

"ఎన్ని కనబడ్డాయిరా?"

తమ్ముడు గిన్నె గట్టు మీద పెట్టబోయి, ముందు రెండో చేత్తో గట్టును తడిమి చూసుకుని, అప్పుడు పెట్టాడు. అక్క అది కూడా చూసింది.

శుక్రవారం ఊరి నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి ఆమె చూస్తూనే ఉంది. కిటికీ తలుపులు తెరవనివ్వడం లేదు. ఇంట్లోనూ నల్ల కళ్లద్దాలే. 'హీరోతో తిరిగి వీడూ హీరో అయిపోయాడు' అని అమ్మ నవ్వింది. తనూ నవ్వింది. నవ్విన నోటినే ఇప్పుడు కొట్టుకోవాలనిపించింది ఆమెకి.

"పద, ఆస్పత్రికి పోదాం," అంది. "ఆదివారమైనా స్కానింగు ఉంటుంది. కారు వచ్చేలోగా తిరిగొస్తాం."

"ఎందుకు? నెల్లాళ్లు రింగు ఎక్కొద్దని చెప్పించుకోవడానికా?"

"నెల్లాళ్లు ఎక్కొద్దంటారని నీకెలా తెలుసు?"

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. పక్కగదిలో అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

"అంటే నీకు తెలుసు," అంది అక్క. "తల లోపల ఏదో అయిందని నీకు తెలిసే దాస్తున్నావు. మొదటి దెబ్బ మానకముందే అక్కడే రెండోది తగిలితే ఏమవుతుందో నాన్న మనకి చిన్నప్పుడే చెప్పాడు. మనిషి లేవడు. లేచినా మనిషిగా లేవడు."

"హీరో దెబ్బకా? ఆయన చెయ్యి నా దాకా వచ్చేలోపు నేనొక కునుకు తీసి లేస్తాను."

"గురువారం కునుకులో ఉన్నావా మరి?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తమ్ముడు కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాడి కళ్లు ఎర్రగా, మనిషిని దాటి ఎక్కడో చూస్తున్నట్టున్నాయి.

గురువారం అక్క ఊళ్లో లేదు. తను నేర్పే ఆడపిల్లల జట్టును వేరే ఊరి పోటీలకు తీసుకెళ్లింది. కింద హాల్లో హీరోకీ తమ్ముడికీ ప్రచారం కోసం వీడియో తీశారు. ఆమె దాన్ని రైల్లో ఫోనులో చూసింది. మాటలు తీసేసి డప్పుల సంగీతం పెట్టారు. తమ్ముడు చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడి ఉంటాడు. హీరో కుడిచెయ్యి ఎక్కడో నడుము వెనక నుంచి, ఏ గురువూ నేర్పని దారిలో, గిర్రున వచ్చి చెవి పైన పడుతుంది. తమ్ముడి తల ఒక్కసారి పక్కకు తిరిగి వెనక్కి వస్తుంది. కాళ్లు తూలతాయి. తాడు పట్టుకుని నవ్వుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేస్తారు. ఆ వీడియో కింద లక్షలమంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

చేతులెందుకు దించావని ఆ రోజే ఫోనులో అడిగింది. 'సరదాకి నేనే దించాను, ఆటపట్టిద్దామని' అన్నాడు.

ఆమె నమ్మలేదు. కింద హాలు గోడ మీద తండ్రి స్వహస్తాలతో ఎర్రరంగులో రాసిన మాట ఒకటే ఉంది: తాళ్ల లోపల చేతులు దించకు. ఆ అక్షరాలు దిద్దుకునే వాళ్లిద్దరూ చదవడం నేర్చుకున్నారు. చేతులు దించడం వాడికి సరదాకైనా రాదు.

"అక్కా, ఒక్క మాట చెప్పు," అన్నాడు తమ్ముడు. "ఇన్నాళ్లు నేనాడిన బౌట్లు చూడటానికి వచ్చిందెవరు? అమ్మ. అంబులెన్సు డ్రైవరు. కుర్చీలు వెనక్కి పట్టుకెళ్లడానికొచ్చిన సామాన్లాయన. ఆయన కూడా 'తొందరగా పడగొట్టు బాబూ, ఈ కుర్చీలు ఇంకోచోట వెయ్యాలి' అనేవాడు. అంతేనా?"

"అంతే."

"ఇవాళ హాలు నిండుతుంది."

"నీ కోసమా?"

"ఎవరి కోసమైతేనేం? వచ్చినవాళ్లకి కళ్లుంటాయి కదా. ఆయన్ని చూసిన కళ్లు నన్ను చూడకుండా ఎక్కడికి పోతాయి? బాగా ఆడితే వచ్చేనెల టైటిల్ పోటీలో చోటిస్తామన్నారు. ఇవాళ రాకపోతే ఆ చోటు ఇంకొకడిది. పిలిచి పీట వేసినప్పుడు కూర్చోవాలి. నించుని నసిగితే పీట తీసేస్తారు."

"పీట ఎక్కడ వేశారో చూసుకున్నావా?" అంటూ అక్క గోడ వైపు చెయ్యి చూపింది.

గోడ మీద పోస్టరు ఉంది. నిలువునా హీరో మొహం. కనుబొమ మీద రంగుతో పెట్టిన గాయం. కింద కుడిమూల చీకట్లో ఒక వీపు, వెడల్పాటి భుజాలు, ఒక చెవి. అది తమ్ముడు. మొహం కనబడదు. పోస్టరు తెచ్చిన రోజు తండ్రి 'రింగులో ఎదుటివాడిది వీపేగా కనబడేది' అని సర్దిచెప్పాడు. అమ్మ మాత్రం పక్కింటివాళ్లను పిలిచి, 'ఆ చెవి చూడండి, మా వాడిదే. నూనె రాసి పెంచిన వీపు నాకు తెలియదా' అని వేలు పెట్టి చూపించింది. చూపించి చూపించి ఆ వీపు దగ్గర కాగితం మాసిపోయింది.

"వీపైతే వీపు," అన్నాడు తమ్ముడు. "నీ వీపుని ఏ గోడ మీదైనా అంటించారా?"

అప్పుడే మెట్ల మీద తండ్రి అడుగుల చప్పుడు వినిపించింది.

ఊరంతా మాస్టారని పిలిచే ఆ మనిషి ఇంట్లోకి వస్తూనే, "ఏంటా అరుపులు? కింద పిల్లలు చెవులు రిక్కించి వింటున్నారు," అన్నాడు. తర్వాత పాలు చూశాడు. ఖాళీ గ్లాసు చూశాడు. కొడుకు మొహం మాత్రం చూడలేదు. తాడు మీది గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టాడు.

తిన్న కంచం కూడా తియ్యని మనిషి. ఆయన గట్టు తుడవడం అక్క పుట్టాక చూడలేదు.

"నాన్నా, వీడికి ఒక వస్తువు రెండుగా కనబడుతోంది."

"కంగారు," అన్నాడు తండ్రి తుడుస్తూనే. "పెద్ద బౌట్ ముందు అందరికీ ఉంటుంది. నా రోజుల్లో నేను కుడిచెప్పు ఎడమకాలికి వేసుకుని రింగుదాకా వెళ్లాను."

"నీ రోజుల్లో నీ ఎదురుగా బాక్సరుండేవాడు. నేర్చినవాడి చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుందో తెలుస్తుంది. నేర్వనివాడి చెయ్యి వాడికే తెలియదు. పైగా వీడికంటే ఒక మూట బరువెక్కువ. అలాంటివాడితో బరువు తేడా చూడకుండా ఆడించడానికి ఎలా ఒప్పుకున్నావు?"

"ఆయన రాకముందు ఈ హాలు ఎలా ఉండేదో మర్చిపోయావా?" తండ్రి గుడ్డ గట్టిగా పిండాడు. "తాళ్లు తెగితే పాత చీరలు చుట్టి నడిపాను. వానొస్తే రింగు మధ్యలో బకెట్టు పెట్టి చుట్టూ ఆడించాను. ఇవాళ కొత్త తాళ్లు ఎవరి వల్ల వచ్చాయి?"

"తాళ్లు కొత్తవే నాన్నా. వాటి లోపల నీ కొడుకు చితికిపోతున్నాడు."

"గేటు దగ్గర పిల్లల్ని చూశావా? ఆడపిల్లలు కూడా ఉన్నారు. నువ్వు ఇంటింటికీ తిరిగి బతిమాలినా రానివాళ్లు."

"ఉన్నారు. పంచ్ ఎలా వెయ్యాలని ఒక్కతీ అడగట్లేదు. హీరో ఎన్నింటికి వస్తాడని అడుగుతున్నారు."

"అడగనీ! నువ్వు మాత్రం పంచ్ నేర్చుకుందామనే వచ్చావా మొదట? నా టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చి మెట్ల మీద కూర్చున్నావు. హీరోని చూడ్డానికి వందమంది వస్తే పదిమంది నిలబడతారు. ఆ పదిమంది చాలు నాకు. మన ఆట బతకాలంటే ఎవరో ఒకరు దీపం పట్టుకుని రావాలి. ఆ దీపం సినిమావాళ్లదైతే తప్పేంటి?"

ఆ మాటే అక్కకి మరింత మంట పుట్టించింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గేటు దగ్గరి పిల్లల్లో ఒకమ్మాయి నిన్న హీరో రాకపోయినా సాయంత్రం దాకా ఉండి, బ్యాగుకి ఎలా నిలబడాలో చూపించమంది. ఆమె చూపించింది కూడా.

"తప్పేంటో నాకు పెద్దపెద్ద మాటల్లో చెప్పడం రాదు," అంది చివరికి. "దీపం పట్టుకున్నాయన ఇంటికి పోతాడు. కాలేది వీడు. నేను పట్టీలు కట్టను."

తండ్రి చేతిలో గుడ్డ గట్టు మీదే ఆగింది.

ఆ ఇంట్లో ఆ మాటకున్న బరువు బయటివాళ్లకు తెలియదు. చేతులకు చుట్టే ఆ పొడవాటి గుడ్డపట్టీలు వేదిక దగ్గర అధికారుల ముందు ఎలాగూ మళ్లీ కట్టాల్సిందే. అయినా ఇల్లు కదిలే ముందు ఒకసారి ఇక్కడ కట్టి, విప్పి, బయల్దేరడం తండ్రి పెట్టిన ఆనవాయితీ. కట్టే మనిషి ముందు పట్టీ చుట్టని ఆటగాడి మీదికి విసురుతాడు. చెప్పకుండా, ఎటు వస్తుందో తెలియకుండా. ఎడంచేత్తో పట్టుకుంటే కట్టు. పట్టుకోలేకపోతే ఆ రోజుకి ఆట లేదు, ఎంత పెద్ద పోటీ అయినా సరే. జ్వరం దాచుకున్నవాణ్ని, నిద్రలేనివాణ్ని, తాగి వచ్చినవాణ్ని ఆ చుట్టే పట్టిచ్చేది. తండ్రి వేళ్లు బిగుసుకుపోయినప్పటి నుంచి ఆ పని అక్కది. ఆమె కట్టనందంటే, ఆమె లెక్కలో బౌట్ అయిపోయినట్టే.

"నువ్వు కట్టకపోతే చేతులు లేనివాణ్నా నేను?" అన్నాడు తండ్రి. "నీకు నేర్పింది ఎవరు? నేనే కడతాను."

కింద గేటు దగ్గర ఒక్కసారిగా కేక లేచింది. కారు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. మెట్ల మీద చెప్పులు అలాగే ఉన్నాయి.

హీరో ఆ చెప్పులు తొక్కకుండా జాగ్రత్తగా, ఒంటరిగా పైకి వచ్చాడు. తెర మీదకంటే పొట్టిగా, తెర మీదకంటే మర్యాదగా ఉన్నాడు. తన బాక్సింగ్ సినిమా కోసం మూడు నెలలుగా కింద హాలుకి వస్తున్నా ఇంట్లోకి రావడం ఇదే మొదలు. గుమ్మంలో బూట్లు విప్పి, మాస్టారికి నమస్కారం పెట్టి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇద్దరం ఒకే కారులో దిగితే బాగుంటుందన్నారు. అందుకే నేనే వచ్చాను. నమస్తే అక్కా."

"మీకు నేను అక్కనెప్పుడయ్యాను? ఉన్న ఒక్క తమ్ముడితోనే చస్తున్నాను."

హీరో నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"అమ్మాయ్," అన్నాడు తండ్రి హెచ్చరికగా.

"అడగనీ నాన్నా. హీరోగారూ, గురువారం మీరు కొట్టిన దెబ్బ ఎవరు నేర్పారు? మా హాల్లో అయితే ఎవరూ నేర్పరు."

"అదా?" హీరో కొంచెం సిగ్గుపడ్డాడు. "ఊపులో వచ్చేసింది. అయినా మీవాడు ఎంత బాగా చేశాడండీ! ఆ తూలడం, ఆ తాడు పట్టుకోవడం... మావాళ్లు పదిసార్లు తీసినా రాదు అలా. మా డైరెక్టరు చూసి, ఈ కుర్రాణ్ని సినిమాలోకి తెమ్మన్నాడు."

అక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. మాట్లాడితే చెయ్యి లేస్తుందని భయపడింది. ఆ చెయ్యి లేస్తే ఎక్కణ్నుంచి వస్తుందో హీరోకి తెలియదు.

"అది నటన కాదు," అంది.

"అంటే?"

"అంటే దెబ్బ తగిలింది. వాడు తూలాడు. గురువారం నుంచి వాడికి వెలుతురు పడట్లేదు. ఇందాక గ్లాసు పక్కన పాలు పోశాడు."

హీరో తమ్ముడి మొహంలోకి చూశాడు. వేషం వేసుకున్న మొహాల్ని రోజూ చూసేవాడు కాబట్టి ఈసారి తేడా తెలిసింది. భుజం మీది చెయ్యి తీసేశాడు.

"అక్క మాటలు పట్టించుకోకండి అన్నా," అన్నాడు తమ్ముడు. "ఆవిడకి సినిమావాళ్లంటే మొదటి నుంచీ పడదు."

"కానీ నేను అడిగానే," అన్నాడు హీరో. "చేతులు మొహానికి అడ్డం ఉంటే బొమ్మ రావట్లేదని కెమెరా అతను అన్నాడు. ఫరవాలేదా, కొట్టొచ్చా అని నేను రెండుసార్లు అడిగాను. మాస్టారే కదా, 'ఒక్కసారికి దించరా' అన్నారు? మాస్టారు అన్నారంటే ఇక భయం లేదనుకున్నాను."

కత్తి వేటు పడ్డా నెత్తురు చుక్క రానట్టయింది తండ్రి మొహం.

అక్కకి ముందు కోపం రాలేదు. ఎర్రరంగు అక్షరాలు కళ్ల ముందు కదిలాయి. ఆ అక్షరాలు రాస్తున్నప్పుడు రంగుడబ్బా పట్టుకుని నిలబడింది తనే. వాడు ఫోనులో 'సరదాకి నేనే దించాను' అని ఎందుకు అబద్ధమాడాడో ఇప్పుడు అర్థమైంది. తనని కాపాడుకోవడానికి కాదు.

"నువ్వా?" అంది తండ్రితో.

తండ్రి గుడ్డని మడత పెట్టాడు. విప్పి మళ్లీ మడత పెట్టాడు.

"నువ్వేనా నాన్నా? కంచే చేను మేసిందా?"

"ఒక్కసారేగా అనుకున్నాను," అన్నాడు తండ్రి. "అన్నీ ఇచ్చిన మనిషి ఒక బొమ్మ కోసం అడుగుతుంటే కాదనలేకపోయాను. సినిమా చెయ్యి కదా, తగలకముందే ఆపుతాడనుకున్నాను."

"ఆయన నటిస్తాడని నువ్వనుకున్నావు. వీడు నటిస్తున్నాడని ఆయన అనుకున్నాడు." అక్క తమ్ముడి వైపు వేలు చూపింది. "మీ ఇద్దరి మధ్యలో నిజంగా ఉన్నది వీడి తలకాయ ఒక్కటే!"

"అయితే... ఇవాళ ఆపేద్దామా?" అన్నాడు హీరో. ఎవరైనా వద్దంటే బాగుండునన్నట్టు ముగ్గురి వైపూ చూశాడు. "ఏదో ఒకటి చెప్పొచ్చు. నాకు ఒంట్లో బాగోలేదనైనా..."

"ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు!" తమ్ముడు అరిచాడు. అరిచిన అరుపుకి వాడి తలే అదిరినట్టుంది, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసుకునే మాట్లాడాడు. "మీకేం అన్నా, ఇవాళ ఒంట్లో బాగోలేదంటారు, అభిమానులు దండలు పంపుతారు. రేపు ఇంకో షూటింగు. నాకు బాగోలేదంటే? ఇంకొకడు దొరుకుతాడు. మీకిదొక సరదా. నాకు వచ్చింది ఈ పని ఒక్కటే. అక్కా, నువ్వు నన్ను కాపాడట్లేదు. నన్ను మళ్లీ ఆ ఖాళీ కుర్చీల ముందుకి తోస్తున్నావు."

"ఖాళీ కుర్చీల ముందు బతికి ఉన్నావు."

"అదీ ఒక బతుకేనా?"

హీరో గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. తన ఇంట్లో ఎవరూ తన ముందు ఇలా పోట్లాడుకోరని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. కింద నుంచి పిల్లలు హీరో పేరు పెట్టి అరుస్తున్నారు. డ్రైవరు హారను కొట్టాడు.

"నాన్నా, పట్టీలు," అన్నాడు తమ్ముడు. కుర్చీ తిప్పి, దాని వెనక పట్టె మీద రెండు మోచేతులూ ఆనించి కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చునేలాగే.

తండ్రి అలమార మీంచి పట్టీ చుట్టలు రెండూ తీశాడు. ఒకటి గట్టు మీద పెట్టి, రెండోది పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆయన చేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఎంతమంది మీదికి ఆ చుట్టని విసిరిందో! హాలుకి వచ్చిన మొదటి కుర్రాడి దగ్గర నుంచి సొంత కూతురు దాకా ఎవరినీ వదల్లేదు. కూతురు ఒకసారి పట్టుకోలేకపోతే పెద్ద పోటీకి కూడా పంపలేదు. ఆ రోజు ఆమె ఏడ్చి అన్నం మానేసింది.

తండ్రి చెయ్యి లేవలేదు.

నాలుగు అడుగులు వేసి కొడుకు దగ్గరికి వెళ్లి, వాడి ఎడమ అరచెయ్యి తెరిచి, చుట్టని అందులో పెట్టాడు. చూపు లేనివాడి చేతికి వస్తువు అందించినట్టు పెట్టి, వాడి వేళ్లు మూశాడు.

"విసరలేదేం?" అంది అక్క.

తండ్రి కొడుకు పిడికిలి మీంచి తన చెయ్యి తియ్యలేదు.

"విసరలేదేం నాన్నా? ఎవరికీ ఇవ్వని సదుపాయం వీడికెందుకు? పట్టుకుంటాడుగా. ఒట్టి కంగారేగా."

"నోరుముయ్యి."

"నీకు తెలుసు," అంది అక్క. మాట మెల్లగానే వచ్చింది. "నాకంటే ముందే తెలుసు నీకు. పాలు తుడిచినప్పుడే తెలుసు."

ఆమె గట్టు మీది రెండో చుట్ట తీసుకుంది. తమ్ముడు తల ఎత్తాడు. వాడికి భయమేసిందని వాడి గడ్డం చెప్పింది. అయినా ఎడంచెయ్యి ఖాళీ చేసుకుని ముందుకు చాపాడు. ఎంతైనా ఆ ఇంటి పిల్లాడు.

ఆమె గట్టిగా విసరలేదు. పసిపిల్లలకి బంతి వేసినట్టు, గాల్లోకి లేపి వేసింది.

తమ్ముడి చెయ్యి సరిగ్గానే లేచింది, వేగంగానే మూసుకుంది. మూసుకున్నది వేరే చోట. చుట్ట వాడి ఛాతీకి తగిలి, ఒళ్లోంచి నేల మీద పడి, విచ్చుకుంటూ గది దాటి దొర్లుకుంటూ పోయింది. ఒక కొస మాత్రం వాడి కాలి దగ్గర మిగిలింది.

"వెలుతురు కళ్లలో పడింది," అన్నాడు తమ్ముడు. "మళ్లీ వెయ్యి."

కిటికీలు మూసే ఉన్నాయి.

"మళ్లీ వెయ్యక్కా."

తండ్రి వంగి నేల మీది కొస అందుకుని, పట్టీని లాగి మళ్లీ చుట్టబోయాడు. అది రాలేదు. ఇంకోసారి లాగాడు. బిగిసింది. అందరూ అప్పుడు ఆ పట్టీ వెంట చూశారు.

పక్కగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతిలో కుట్లు పూర్తయిన నిక్కరు, పెదాల మధ్య ఇంకా తియ్యని సూది. పట్టీ రెండో కొస ఆమె పాదం కింద ఉంది.

"కాలు తియ్యి," అన్నాడు తండ్రి.

అమ్మ సూది తీసి కొంగుకి గుచ్చుకుంది. "తియ్యను."

"కారు ఆగి ఉంది. అవతల జనం ఎదురు చూస్తున్నారు."

"చూడనీ." ఆమె తండ్రి వంక గానీ హీరో వంక గానీ చూడలేదు. "ప్రతి ఆటకీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాను. వీడికి పెదవి చిట్లినా, ముక్కు పగిలినా ఆపండి అని ఎప్పుడైనా అన్నానా? విసిరిన చుట్ట పట్టుకున్న బిడ్డని పంపాను నేను. పట్టుకోని బిడ్డని కాదు. ఈ నియమం నాది కాదు, మీరు పెట్టిందే."

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు గోడ పట్టుకున్నాడు. తర్వాత గోడ వదిలి, పట్టీ కొస తండ్రి చేతిలోంచి తీసుకుని, దాన్నే ఆసరాగా పట్టుకుని నడిచినట్టు అమ్మ దాకా వెళ్లి, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్కసారి హాలు నిండనీ అమ్మా. ఒక్కసారి. నాకోసం తియ్యి."

అమ్మ పాదం వణికింది. అక్క చూసింది. తండ్రి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. హీరో గుమ్మంలో ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, వేసుకోవాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు. కింద హారను మళ్లీ మోగింది. ఈసారి ఆగకుండా మోగింది.

పట్టీ ఒక కొస వాడి పిడికిట్లో ఉంది. ఒక కొస తల్లి పాదం కింద ఉంది.

మీ వీధి గోడ మీద కూడా ఇలాంటి పోస్టరు ఒకటి ఉండే ఉంటుంది. పెద్ద మొహాన్ని చూడొద్దని నేననను, చూడ్డానికే వేశారు దాన్ని. చూసినవాళ్లు వెంటనే వెళ్లిపోకండి. కింద మూల చీకట్లో ఒక వీపు ఉంటుంది, ఒక చెవి కనబడుతుంది. ఎవరి చేతులో ఆ వీపుకి నూనె రాసి ఉంటాయి. ఈవేళ సాయంత్రం హాల్లో దీపాలన్నీ ఎవరి మీద వెలిగినా సరే, మీరు మాత్రం వాణ్ని గుర్తుపెట్టుకోండి.